గాజు పలకల కంప్యూటర్ పెట్టె: ఖరగ్‌పూర్ ఎండకు, దుమ్ముకు, టైల్స్ నేలకు తట్టుకునేదెలా?

రైలు ఏసీ బోగీలో ప్రయాణించిన వారందరూ కిటికీ పక్కన వేలాడే చిన్న ఎర్ర సుత్తిని చూసే ఉంటారు. ప్రమాదం జరిగితే దానితో అత్యవసర కిటికీ అద్దాన్ని పగలగొట్టి బయటపడాలి. అరచేతితో ఎంత గట్టిగా బాదినా చెక్కుచెదరని ఆ అద్దం, సుత్తి మొన ఒక్కచోట తగలగానే వేల ముక్కలవుతుంది. ఇప్పుడు అదే రకం గాజు ఇళ్లలోకి మరో రూపంలో వస్తోంది. పక్కన, కొన్నింటికి ముందువైపు కూడా గాజు పలకలు బిగించిన పెద్ద డెస్క్‌టాప్ కంప్యూటర్ కేబినెట్ అది. వాడుకలో చాలామంది ఈ పెట్టె మొత్తాన్ని ‘సీపీయూ’ అనేస్తారు. నిజానికి సీపీయూ దాని లోపల ఉండే చిన్న చిప్ మాత్రమే.

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి తెలుగువారున్నారు. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చి స్థిరపడిన కుటుంబాలవి. ఆ ఇళ్లలో నేటి తరం పిల్లలు వీడియో ఎడిటింగ్‌కో, ఇంజినీరింగ్ డిజైన్‌కో, ఆటలకో ఇలాంటి కంప్యూటర్ కావాలంటున్నారు. పెద్దల ప్రశ్నలు సూటిగా ఉంటాయి. ‘ఈ ఎండకు గాజు పెట్టెలో పెడితే లోపల ఉడికిపోదా? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, పగిలితే? ఈ ఎర్ర దుమ్ము సంగతేమిటి?’ మూడూ మంచి ప్రశ్నలే. భౌతికశాస్త్రం వాటికి ఇచ్చే జవాబుల్లో కొన్ని మాత్రం మనం అనుకున్నట్టు ఉండవు.

రైలు చక్రం, గాజు పలక: ఒకే సూత్రం

ముందు పగలడం గురించి చూద్దాం. మామూలు కిటికీ గాజు పగలడానికి మూలం దాని ఉపరితలం మీద కంటికి కనిపించని సన్నని గీతలు. గాజు వంగినప్పుడు ఒకవైపు ఉపరితలం సాగుతుంది. ఆ సాగుడుకు గీత నోరు తెరుచుకుని పగులుగా మారుతుంది. దీన్ని ఆపాలంటే ఆ గీతలను ఎప్పుడూ నొక్కి ఉంచాలి. టెంపర్డ్ గాజులో జరిగేది అదే. గాజు పలకను 600 డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడి చేసి, రెండు వైపులా చల్లగాలిని బలంగా ఊదుతారు. పైపొర ముందు గట్టిపడుతుంది. లోపలి భాగం ఆ తర్వాత నిదానంగా చల్లారుతూ కుంచించుకుపోతూ పైపొరను లోనికి లాగుతుంది. ఫలితంగా పైపొర శాశ్వతంగా నొక్కుకుని, మధ్యభాగం శాశ్వతంగా సాగి ఉండిపోతాయి. పైపొరలో ఈ ఒత్తిడి దాదాపు 70 మెగాపాస్కల్స్ లేదా అంతకు మించి ఉంటుంది. అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద సుమారు 700 కిలోల బరువు పెట్టినంత. అందుకే ఇది మామూలు గాజు కంటే నాలుగైదు రెట్లు బలంగా ఉంటుంది.

రైల్వే పట్టణానికి ఈ సూత్రం కొత్తది కాదు. రైలు చక్రాన్ని తయారు చేసేటప్పుడు, ఎర్రగా కాలిన చక్రం అంచు మీద నీళ్లు చిమ్మి దాన్ని ముందుగా చల్లారుస్తారు. తర్వాత మిగతా భాగం చల్లారుతూ అంచును నొక్కిపెడుతుంది. ఆ నొక్కుడు వల్ల అంచు మీద పుట్టే చిన్న పగుళ్లు తేలిగ్గా లోపలికి పాకవు. పశ్చిమ బెంగాల్‌లోనే దుర్గాపూర్ ఉక్కు కర్మాగారంలో ఇలాంటి చక్రాలు తయారవుతాయి. చక్రానికీ గాజుకూ తేడా ఒక్కటే. ఉక్కు కొంత సాగి సర్దుకోగలదు. గాజుకు ఆ గుణం లేదు.

అందుకే పగులు పైపొరను దాటి మధ్యలోని సాగిన పొరను చేరిన క్షణంలో కథ ముగుస్తుంది. 4 మిల్లీమీటర్ల పలకలో ఆ రక్షణ పొర ఒక్కోవైపు మిల్లీమీటరు కన్నా తక్కువే. అది దాటితే, లోపల దాగి ఉన్న శక్తి అంతా ఒక్కసారిగా విడుదలై, పగులు సెకనుకు కిలోమీటరున్నర వేగంతో పలకంతా పాకుతుంది. 17వ శతాబ్దం నుంచి శాస్త్రవేత్తలను ఆకర్షించిన ‘ప్రిన్స్ రూపర్ట్ బిందువులు’ చేసేదీ ఇదే. కరిగిన గాజు చుక్కను నీళ్లలో వేస్తే తోకతో కూడిన బిందువు వస్తుంది. దాని తలను సుత్తితో కొట్టినా పగలదు, తోక విరిచామా పొడి అయిపోతుంది. ఆ తల ఉపరితలంలో ఒత్తిడి 700 మెగాపాస్కల్స్ వరకు ఉంటుందని శ్రీనివాసన్ చంద్రశేఖర్, మునవర్ చౌధ్రి తదితర పరిశోధకులు 2016లో తేల్చారు.

నేల మీద పెట్టకూడదు

కేబినెట్ గాజు పలకలు వాడుకలో పగిలే సందర్భాల్లో తరచుగా వినిపించేది ఒకటుంది. లోపల ఏదో బిగించడానికి పలకను ఊడదీసి, జాగ్రత్తగానే టైల్స్ నేల మీద నిలబెడతారు. టప్‌మని పేలినట్టు పగిలిపోతుంది. పడెయ్యలేదు, కొట్టలేదు. మరి ఎందుకు?

విట్రిఫైడ్ టైల్‌లో క్వార్ట్జ్ వంటి రేణువులుంటాయి. మోస్ కాఠిన్య మానంలో క్వార్ట్జ్ 7, గాజు సుమారు 5.5. అంటే టైలు గాజును గీయగలదు. దానికి తోడు పలక బరువు రెండు కిలోల దాకా ఉంటుంది. పలకను మూలన ఆనిస్తే ఆ బరువంతా ఆవగింజలో పదో వంతు కూడా లేని చోట మోపుతుంది. రెండు కిలోల బరువు 0.1 చదరపు మిల్లీమీటరు మీద పడితే ఆ చోట 200 మెగాపాస్కల్స్ ఒత్తిడి పుడుతుంది. చిన్న కుదుపు తోడైతే ఇంకా ఎక్కువ. అలా బోగీలోని ఎర్ర సుత్తి మొన చేసే పని టైల్‌లోని ఒక గట్టి రేణువు చేసేస్తుంది. అంచులు, మూలలు పలకలో అతి బలహీనమైన చోట్లు కూడా. పాత రైల్వే క్వార్టర్లలోని నున్నని ఎర్ర గచ్చు దీనికంటే కొంత మెత్తనిదే. అయినా సిమెంటులో ఇసుక ఉంటుంది, ఇసుక అంటే క్వార్ట్జే. కాబట్టి దాన్నీ నమ్మకూడదు.

పరిష్కారం తేలిక. పలకను తీసే ముందే పక్కన మడతపెట్టిన దుప్పటి పరిచి ఉంచాలి. పలకను దాని మీద బల్లపరుపుగా పడుకోబెట్టాలి, నిలబెట్టకూడదు. మరలను చేత్తో తిప్పి ఆపాలి, స్క్రూడ్రైవర్‌తో బిగబట్టకూడదు. మరకూ గాజుకూ మధ్య ఉండే రబ్బరు వాషర్లను పారేయకూడదు. అంచులో పెచ్చు లేచిన పలకను ‘ఇంకా బాగానే ఉందిగా’ అని వాడకూడదు. గాలిలోని తేమ పగులు కొనలో ఉన్న రసాయన బంధాలను నెమ్మదిగా తెంపుతుంది. దాంతో పగులు రోజుల తరబడి మెల్లగా పెరిగి, ఎవరూ తాకని సమయంలో పలక పగలవచ్చు. బెంగాల్ వానాకాలంలో ఆ తేమకు కొదవ లేదు. ముక్కలు పొడవైన కత్తుల్లా కాక చిన్న గుళ్లుగా రాలడం ఈ గాజుకున్న మేలు. అయినా పసిపిల్లల పాదాలకు, కళ్లకు అవి ప్రమాదమే.

గాజు వేడిని బంధిస్తుందా?

ఇక వేడి. కంప్యూటర్ వాడే కరెంటంతా దాదాపుగా వేడిగానే మారుతుంది. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ పూర్తి పనిలో ఉన్న ఒక మంచి కంప్యూటర్ 400 వాట్లు వాడుతుందనుకుందాం. ఊరికే కూర్చున్న మనిషి శరీరం నుంచి వెలువడే వేడి సుమారు 100 వాట్లు. అంటే కంప్యూటర్ నడుస్తున్నంతసేపు గదిలో మరో నలుగురు కూర్చున్నట్టే.

గాజు ఉష్ణాన్ని ఉక్కులా ప్రసరింపజేయదు. ఉక్కు ఉష్ణవాహకత గాజుకు 50 రెట్లు ఉంటుంది. మరి గాజు గోడ ఉంటే వేడి లోపలే ఉండిపోదా? లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 45 సెంటీమీటర్ల చదరపు పలక, లోపలి గాలి బయటి కంటే 10 డిగ్రీలు వేడి అనుకుంటే, గాజు గుండా బయటికి పోయే వేడి దాదాపు 10 వాట్లు. అదే చోట రంగు వేసిన ఉక్కు రేకు ఉన్నా పోయేది దాదాపు 10 వాట్లే. అసలు అడ్డంకి గోడ కాదు. గోడకు రెండు వైపులా అంటిపెట్టుకుని ఉండే పలచని గాలి పొరలు. వాటి ముందు గాజు నిరోధం లెక్కలోకి రాదు. మిగిలిన 390 వాట్లను రెండు రకాల పెట్టెల్లోనూ గాలే మోసుకుపోవాలి.

లోపలికి వచ్చిన గాలి 10 డిగ్రీలు మాత్రమే వేడెక్కి బయటికి పోవాలంటే సెకనుకు సుమారు 35 లీటర్ల గాలి కావాలి. పెద్ద కేబినెట్ ఘనపరిమాణం 60 లీటర్లనుకుంటే, ప్రతి రెండు సెకన్లకు లోపలి గాలి మొత్తం మారిపోవాలన్నమాట. కాబట్టి కొనేటప్పుడు చూడాల్సింది గాజు ఉందా లేదా అని కాదు, గాలి ఎక్కడి నుంచి వస్తుందని. పక్కన గాజు, ముందు జాలీ ఉన్న పెట్టెకు ఇబ్బంది ఉండదు. ముందువైపు కూడా మూసిన గాజే ఉండి, గాలి అంచుల్లోని సన్నని సందుల నుంచే రావాల్సిన పెట్టెలో ఫ్యాన్లు ఎంత తిరిగినా మోత ఎక్కువ, గాలి తక్కువ. ముందు, పక్కన రెండు వైపులా గాజుతో చేపల తొట్టిలా కనిపించే రకాల్లో గాలి కింది నుంచి, వెనుక పక్క నుంచి వస్తుంది. ఆ చోట్ల ఫ్యాన్లు విడిగా కొని బిగించాల్సి వస్తుందేమో ముందే అడగాలి.

గది వేడి కూడా లెక్కే. 26 డిగ్రీల ఏసీ గదిలో 75 డిగ్రీలకు చేరే చిప్, అదే పని 36 డిగ్రీల మే నెల గదిలో చేస్తే 85 దగ్గరకు చేరుతుంది. చాలా ప్రాసెసర్లు 95 నుంచి 100 డిగ్రీల మధ్య తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. ఏసీ గదికి సరిపోయిందని ఎవరో మెచ్చుకున్న పెట్టె ఫ్యాను గాలితో నెట్టుకొచ్చే ఇంట్లో సరిపోకపోవచ్చు.

గాజు నిజంగా దెబ్బతీసే చోటు మరొకటుంది. అది ఎండ. పడమటి కిటికీ నుంచి సాయంకాలపు ఎండ నేరుగా గాజు పలక మీద పడితే, లోపలికి 80 నుంచి 100 వాట్ల దాకా చేరవచ్చు. పలక గుండా బయటికి పోయే వేడికి ఇది ఎనిమిది పది రెట్లు. కిటికీ తెర వేయడమో, పెట్టెను నీడ గోడ వైపు జరపడమో ఒక ఫ్యాన్ కొన్నంత మేలు చేస్తుంది.

ఎర్ర దుమ్ము, తడి గాలి

ఖరగ్‌పూర్ పరిసరాలు ఎర్ర లాటరైట్ నేల. ఎండాకాలంలో, ముఖ్యంగా కాలబైశాఖి ఈదురుగాలి వచ్చినప్పుడు, ఆ ధూళి మూసిన కిటికీల్లోంచి కూడా వస్తుంది. పట్టాల దగ్గరి ఇళ్లలో చక్రాలు, బ్రేకుల రాపిడి వల్ల లేచే సన్నని ఇనుప రేణువులూ దానికి తోడవుతాయి. ఈ ధూళి హీట్‌సింక్ రెక్కల మధ్య పేరుకుని కంబళిలా పనిచేస్తుంది. వానాకాలంలో అదే ధూళి తేమను పీల్చుకుని లోహపు కాళ్లను తుప్పు పట్టిస్తుంది.

దుమ్మును తగ్గించే ఉపాయం ఒకటుంది. ఫిల్టర్ల గుండా లోపలికి తోసే గాలి, బయటికి లాగే గాలి కంటే కొంచెం ఎక్కువ ఉండేలా ఫ్యాన్లు అమర్చాలి. అప్పుడు పెట్టెలోని ప్రతి చిన్న సందులోంచి గాలి బయటికే పోతుంది, సందుల గుండా దుమ్ము లోపలికి రాదు. అయితే ఫిల్టర్ మూసుకుపోతే ఈ లెక్క తారుమారవుతుంది. కాబట్టి కొనేటప్పుడే కింది, ముందు ఫిల్టర్లు పెట్టెను ఎత్తకుండా చేత్తో లాగితే వచ్చేలా ఉన్నాయో లేదో చూడాలి. తీయడం కష్టమైన ఫిల్టర్‌ను ఎవరూ కడగరు.

తేమ విషయంలో నడుస్తున్న కంప్యూటర్‌కు భయం తక్కువ. లోపల గది కంటే వేడిగా ఉంటుంది కాబట్టి నీరు పట్టదు. చిక్కు ఆపి ఉన్నప్పుడే వస్తుంది. గది 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీల కంటే చల్లగా ఉన్న ఏ వస్తువు మీదైనా నీరు చెమరుస్తుంది. రాత్రంతా 24 డిగ్రీల ఏసీలో ఉన్న గదిలో తెల్లవారి కిటికీలు తెరిస్తే గాజు మీద, లోపలి లోహం మీద మంచు పట్టినట్టు కనిపించేది ఇందుకే. అప్పుడు స్విచ్ వేయకుండా ఒక గంట ఆగడం మంచిది.

కొనేముందు, కొన్న తర్వాత

దుకాణానికి వెళ్లే ముందు ఇంట్లో టేపుతో కొలవాలి. పెద్ద కేబినెట్ ఎత్తు, పొడవు ఒక్కోటి అర మీటరుకు దగ్గరగా ఉంటాయి. సామాన్లన్నీ బిగించాక బరువు 20 కిలోలు దాటవచ్చు. మూడు వైపులా మూసిన టేబుల్ గూటిలో దూరిస్తే అది వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. వెనుక, పైన జానెడు ఖాళీ ఉండాలి. తలుపు రెక్క తగిలే దారిలో, పిల్లల బంతి ఎగిరే మూలలో పెట్టకూడదు. నేల మీద కాకుండా గట్టి చెక్క పీట మీద పెడితే దుమ్మూ తగ్గుతుంది, కడిగిన నీళ్లూ అంటవు.

దుకాణంలో ఆ పలక గాజో, అక్రిలిక్ ప్లాస్టిక్కో తేల్చుకోవడం తేలిక. తాకితే గాజు చల్లగా తగులుతుంది. గాజు బరువు అదే మందం అక్రిలిక్‌కు రెండింతలు. అక్రిలిక్ గాజులా తేలిగ్గా పగలదు కానీ తుడిచిన గుడ్డకే గీతలు పడుతుంది. పసిపిల్లలున్న ఇంటికి అక్రిలిక్ పలకో, అసలు పలకే లేని జాలీ పెట్టో కూడా తప్పు ఎంపిక కాదు.

శుభ్రం చేసేటప్పుడు ప్లగ్ తీసేయాలి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకోవాలి. లేకపోతే అవి విపరీత వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది, పైగా అవి చిన్న జనరేటర్లలా కరెంటు కూడా పుట్టించవచ్చు. గాజును పొడిగుడ్డతో గట్టిగా రుద్దితే స్థిరవిద్యుత్తు పుట్టి మళ్లీ దుమ్మునే లాగుతుంది. కొద్దిగా తడిపి పిండిన మెత్తని గుడ్డ చాలు. పెట్టె లోహపు భాగాన్ని తాకితే చిన్నగా జివ్వుమంటుంటే ఇంట్లో ఎర్త్ సరిగా లేదని గుర్తు. దాన్ని ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి.

మార్చి నుంచి జూన్ వరకు నెలకోసారి, మిగతా కాలంలో రెండు మూడు నెలలకోసారి ఫిల్టర్లు కడిగితే ఈ పెట్టె చాలాకాలం మన్నుతుంది. తొలి కాలబైశాఖి వచ్చి వెళ్లిన మర్నాడు ఫిల్టర్‌ను వెలుతురులో పట్టుకుని చూస్తే ఎందుకో తెలిసిపోతుంది. ఆ ఎర్ర పొరలో చేరిందంతా కంప్యూటర్ లోపలికి పోకుండా ఆగిన దుమ్మే.