తప్పును పట్టుకునే ట్యాబ్

సగానికి మూడో వంతు కలిపితే ఎంత? ఎనిమిదో తరగతిలో ఈ లెక్క ఇస్తే 2/5 అని రాసే పిల్లలుంటారు. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కూడేస్తారు. 2/6 అని రాసేవాళ్లూ ఉంటారు. వాళ్లకు క.సా.గు. కట్టడం వచ్చు. హారాన్ని 6 చేశారు గానీ, దానికి తగ్గట్టు లవాలను మార్చడం మరిచారు. రెండూ తప్పే. అయితే మొదటివాళ్లకు భిన్నమంటే ఏమిటో మళ్లీ చెప్పాలి, రెండోవాళ్లకు ఒక్క మెట్టు గుర్తుచేస్తే చాలు. కిక్కిరిసిన తరగతిలో, ఒక్క పీరియడ్‌లో, ఎవరిది ఏ తప్పో చూసి సరిదిద్దడం ఎంత మంచి లెక్కల మాస్టారికైనా కష్టం.

ట్యాబ్ చేయగలిగిన అసలు పని ఇదే.

2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ట్యాబుల పంపిణీ మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5,18,740 ట్యాబులు. ఖర్చు 686 కోట్ల రూపాయలు. మరుసటి ఏడాది అదే తేదీన అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లిలో రెండో విడత. దెందులూరు, తాడేపల్లిగూడెం ప్రాంతాల సర్కారు బడుల పిల్లల సంచుల్లోకీ అవి చేరాయి. బైజూస్ సంస్థ పాఠాలను తెలుగులోనూ ఇంగ్లిషులోనూ ముందే నింపి ఇవ్వడంతో నెట్ లేకపోయినా నడిచేవి. కోమటిలంక, గుడివాకలంక లాంటి కొల్లేటి ఊళ్లకు ఇది చిన్న సంగతి కాదు. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు నిండితే అక్కడ దారులే మునిగిపోతాయి.

అయితే ఆ పాఠాల్లో పెద్ద భాగం వీడియోలు. వీడియో చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతున్నట్టే ఉంటుంది. ఆ నమ్మకాన్ని అమెరికాలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికే 2006లో ప్రచురించిన ప్రయోగం చక్కగా పరీక్షించింది. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. ఇంకొందరు ఒకే విడత చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుచేసుకుని రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత లెక్క తిరగబడింది: నాలుగు విడతలు చదివినవాళ్లకు గుర్తున్నది 40 శాతం, గుర్తుచేసుకుని రాసినవాళ్లకు 61 శాతం. బుర్రలోంచి బయటికి తీసిన ప్రతిసారీ జ్ఞాపకం గట్టిపడుతుంది. కాబట్టి యాప్ విలువను అందులోని బొమ్మల అందంతో కాక, అది అడిగే ప్రశ్నలతో కొలవాలి.

మంచి యాప్‌లో ప్రతి ప్రశ్నా కింది తరగతుల అంశాలతో ముడిపడి ఉంటుంది. తప్పు జవాబులను కూడా ఊరికే పెట్టరు, ఒక్కొక్కటి ఒక్కో అపోహకు ఆనవాలు. పిల్ల 2/5 నొక్కితే, యాప్ పై తరగతి లెక్క పక్కనపెట్టి, అయిదో తరగతి భిన్నాల దగ్గరికి తీసుకెళ్లి అక్కణ్నుంచి పైకి నడిపిస్తుంది. ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ను కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ 619 మంది పిల్లలతో పరీక్షించారు. అక్కడ ఆరో తరగతి పిల్లలు లెక్కల్లో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. అలాంటి పిల్లకు ఆరో తరగతి వీడియో ఎన్నిసార్లు చూపించినా ఏం లాభం? నాలుగున్నర నెలల్లో లెక్కల్లోనూ హిందీలోనూ మైండ్‌స్పార్క్ కేంద్రానికి ఎంపికైన పిల్లలు మిగతావాళ్లను స్పష్టంగా దాటిపోయారు.

పెరూ దేశం అనుభవం దీనికి పూర్తిగా ఎదురు. అక్కడ లక్షల ల్యాప్‌టాప్‌లు పంచారు. 319 బడులను పరిశీలిస్తే లెక్కల్లో, భాషలో మార్కులు పెరిగిన జాడే లేదు. యంత్రం చేతికి వచ్చింది, బోధన మాత్రం మారలేదు. మన దగ్గరా కొందరు పిల్లలు ట్యాబుకు వేసిన తాళం తీయించి ఆటలు, సినిమాలు పెట్టుకున్నారని వార్తలొచ్చాయి. తప్పు పిల్లలదే అనడం అన్యాయం. ఇంటికి పంపిన వస్తువుకు బడిలో ఒక వేళ, ఒక పని కేటాయించాల్సింది పెద్దలే.

అలా వేళ, పని కేటాయించే దారి ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లోనే ఉంది. ‘పాల్’ అనే పథకంలో ట్యాబులు బడిలోని గదిలోనే ఉంటాయి, పిల్లలు టైమ్‌టేబుల్ ప్రకారం అక్కడికెళ్లి తమ స్థాయి లెక్కలు చేస్తారు. 2019లో అర్థశాస్త్ర నోబెల్ అందుకున్న మైకేల్ క్రెమర్ బృందం దీన్ని పరిశీలించి, పిల్లల చదువు గణనీయంగా మెరుగైందని తేల్చింది.

ఢిల్లీ కేంద్రంలో పిల్లలు రోజుకు తొంభై నిమిషాలు గడిపేవారు. అందులో సగమే కంప్యూటర్ ముందు, మిగతా సగం చిన్న గుంపుగా టీచర్ దగ్గర. ట్యాబులు కొనేటప్పుడు ఈ రెండో సగానికీ డబ్బు, శిక్షణ ఉండాలి. దాని ఫలితం అడిగే చోటూ ఉంది: 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా తల్లిదండ్రుల, ఉపాధ్యాయుల మెగా సమావేశం జరిగింది. అలాంటి రోజున దెందులూరులో ఒక అమ్మ లేచి, “మా పిల్ల లెక్కల్లో ఎక్కడ ఆగిపోతోందండీ మాస్టారూ?” అని అడగాలి. ట్యాబులున్న బడిలో మాస్టారు మార్కుల జాబితా చూపించి ఊరుకోకుండా, ఏ తరగతి, ఏ పాఠం, ఏ మెట్టు దగ్గరో వేలు పెట్టి చూపించగలగాలి.