విశాఖ నుంచి హైదరాబాదుకి విమానం ఎంతసేపు?

స్టడీ అవర్లో విమానం చప్పుడు వినబడితే మనమంతా కిటికీ దగ్గరికి పరిగెడతాం గదా. వార్డెన్ మేడం కేకలేసినా ఆగం. మొన్న ఆరో తరగతి చెల్లి ఒకతె "అక్కా, అది హైదరాబాదు ఎప్పుడు చేరుతాది?" అని అడిగింది. "అరగంటలో" అని చెప్పేశాను. అది తప్పు. ఎందుకు తప్పో రాస్తున్నాను.

ముందు దూరం చూద్దాం. అట్లాసులో విశాఖ రేఖాంశం 83.2 డిగ్రీలు, శంషాబాదు విమానాశ్రయానిది 78.4. తేడా 4.8. మన ప్రాంతంలో ఒక్కో రేఖాంశ డిగ్రీకి సుమారు 106 కిలోమీటర్లు. అంటే పడమరకి 509 కి.మీ. అక్షాంశాల తేడా అర డిగ్రీ, అంటే దక్షిణానికి 55 కి.మీ. ఇప్పుడు పైథాగరస్ సిద్ధాంతం పెట్టండి. కర్ణం 512 వస్తుంది. ఆ సిద్ధాంతం పరీక్షకి తప్ప దేనికీ పనికిరాదనుకున్నాను!

రైలుకైతే సుమారు 700 కి.మీ. పట్టాలు తిన్నగా పోవు, రాజమండ్రి, విజయవాడ, వరంగల్ మీదుగా తిరిగి పోతాయి. 2023లో మొదలైన వందే భారత్ రైలుకి కూడా సుమారు ఎనిమిదిన్నర గంటలు పడుతుంది.

జెట్ విమానం పైన గంటకి 800 కి.మీ. వేగంతో పోతుంది. 512ని 800తో భాగిస్తే 38 నిమిషాలు. నేను చెప్పిన అరగంట ఇలాగే వచ్చింది. కానీ టికెట్టు మీద గంటా పది నుంచి గంటా పాతిక నిమిషాలు ఉంటుంది. మిగతా టైము ఏమైంది? టికెట్టు టైము చక్రాలు కదిలిన దగ్గర్నుంచి అక్కడ మళ్లీ ఆగేదాకా లెక్క. ముందు రన్‌వే దాకా బస్సులాగ నెమ్మదిగా నడవాలి. లేచాక 10 కి.మీ. ఎత్తుకి ఎక్కడానికే దాదాపు ఇరవై నిమిషాలు. ఘాట్ రోడ్డు ఎక్కే లారీ ఎలా మూలుగుతుందో చూశారు గదా, ఎక్కడమంటే ఎవరికైనా కష్టమే. ఇంకా 150 కి.మీ. పైన ఉండగానే దిగడం మొదలెడుతుంది. పూర్తి వేగం మధ్యలో కొంచెం సేపే. రెక్కలకి పంకాలుండే ఏటీఆర్ విమానం గంటకి 500 కి.మీ. దగ్గరే పోతుంది, అయినా ఇంకో పావుగంట, ఇరవై నిమిషాలే ఎక్కువ.

ఇప్పుడు అరకు చూడండి. విశాఖ నుంచి స్కేలు పెట్టి కొలిస్తే 80 కి.మీ. లోపే. బైలదిల్లా ఇనుప రాయి మన ఓడరేవుకి తేవడానికి 1960లలో వేసిన లైను మీద కిరండూల్ రైలు సొరంగాలన్నీ దాటి అరకు చేరేసరికి దాదాపు నాలుగు గంటలు. గంటల్లో లెక్కేస్తే అరకు కన్నా హైదరాబాదే దగ్గర!

మా ఊరు అరకు కన్నా దూరం. ఊరి నుంచి రోడ్డుకి 6 కి.మీ. పోయిన వానాకాలంలో మా పెద్దమ్మకి జొరం ఎక్కువైతే మా నాన్న, బావలు డోలీ కట్టి మోశారు. గెడ్డ పొంగుతోంది, బురద. రోడ్డు చేరేసరికి మూడు గంటలు. వేగం గంటకి 2 కి.మీ. ఆ మూడు గంటల్లో విమానం హైదరాబాదు పోయి తిరిగి విశాఖ వచ్చేస్తుంది. (పెద్దమ్మ ఇప్పుడు బాగానే ఉంది.)

అందుకని ఒక పని చేద్దాం. మన మండలాల పటం గీసి పెట్టాను. మీ ఊరి నుంచి రోడ్డుకి, రోడ్డు నుంచి ఆసుపత్రికి ఎన్ని కిలోమీటర్లో కాదు, ఎన్ని గంటలో చీటీ మీద రాసి ఆదివారం లోపు నాకివ్వండి. వానాకాలం టైము వేరేగా రాయండి. మేడం ఒప్పుకుంటే వచ్చే నెల ఇదే గోడ మీద అంటిస్తాం.

– 9వ తరగతి విద్యార్థిని