నీలి డబ్బా, ఎర్ర డబ్బా: రామాయపట్నం తీరంలో రాక్‌ఫెల్లర్ జాడ

ఉలవపాడు మామిడి తోటలు దాటి తూర్పుకు మళ్లితే నేల రంగు మారిపోతుంది. ఇసుక నేల, సరుగుడు తోపులు, బకింగ్‌హాం కాలువ, ఆ అవతల సముద్రం. రామాయపట్నం పేరు ఇప్పుడు తరచూ పేపర్లకెక్కుతోంది. 2022లో పోర్టుకు శంకుస్థాపన జరిగింది. 2024 డిసెంబరులో భారత్ పెట్రోలియం ఇక్కడ రిఫైనరీ కోసం సన్నాహక పనులకు రూ.6,100 కోట్లు ఖర్చు చేయాలని తీర్మానించింది. నెల్లూరు తీరానికి చమురు కొత్త చుట్టమేమీ కాదు. అమెరికా చమురు వ్యాపారి జాన్ డి. రాక్‌ఫెల్లర్ ఈ దేశంలో అడుగు పెట్టిందే లేదు. ఆయన సరుకు, ఆయన మతం, ఆయన ఇంటి సొమ్ము మాత్రం ఈ వైపు వచ్చాయి.

ముందు కిరసనాయిలు సంగతి. అది రాకముందు ఇళ్లలో వెలిగింది ఎక్కువగా ఆముదం దీపాలే. 1859లో పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్ దగ్గర డ్రేక్ తవ్వించిన బావిలో చమురు పడింది. తర్వాతి దశాబ్దాల్లో అమెరికాలో శుద్ధి చేసిన కిరసనాయిలు ఓడలెక్కి మన రేవులకు చేరింది. ఒక చెక్కపెట్టెలో రెండు రేకు డబ్బాలు, ఒక్కోదానిలో సుమారు 18 లీటర్లు. రాక్‌ఫెల్లర్ కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ డబ్బాకు నీలి రంగు. నూనె అయిపోయినా డబ్బాను పారేసేవాళ్లు కాదు. పైరేకు కోసి అడ్డంగా కర్ర బిగిస్తే నీళ్ల కావడికి పనికొచ్చేది. మూత పెడితే బియ్యం డబ్బా, సాపు చేస్తే పాకకు కప్పు. 1892లో మార్కస్ శామ్యూల్ అనే వ్యాపారి రష్యా నూనెను ట్యాంకరు ఓడలో నింపి ఆసియాకు తెచ్చాడు. నూనె చవక, అయినా జనం కొనలేదు. వాళ్లకు డబ్బా కావాలి! చివరికి ఆయనా రేకు తెప్పించి, ఇక్కడే డబ్బాలు చేయించి, ఎర్ర రంగు వేయించాడు. షెల్ కంపెనీ పుట్టుక ఆ ఎర్ర డబ్బాల్లోనే ఉంది.

నీలి డబ్బా వెనకున్న మనిషి 1839లో న్యూయార్క్ రాష్ట్రంలోని రిచ్‌ఫర్డ్‌లో పుట్టాడు. తండ్రి విలియం ఊరూరా తిరిగి నాటు మందులు అమ్మేవాడు, నెలల తరబడి ఇంటి ముఖం చూసేవాడు కాదు. మరో పేరు పెట్టుకుని రెండో పెళ్లి కూడా చేసుకున్నాడు. అరువు బియ్యంతో, అప్పు సరుకుతో ఇల్లు నెట్టుకొచ్చే తల్లులు మనకు కొత్త కాదు. ఎలైజా అలాంటి తల్లే. బాప్టిస్టు విశ్వాసం, పైసా లెక్క రెండూ పెద్దకొడుక్కి ఆమె దగ్గర అబ్బాయి. 16 ఏళ్లకు క్లీవ్‌లాండ్‌లో గుమాస్తాగా చేరాడు. మొదటి మూడు నెలల జీతం 50 డాలర్లు. ‘లెడ్జర్ ఎ’ అని పేరు పెట్టుకున్న చిన్న పుస్తకంలో ప్రతి ఖర్చూ రాసుకున్నాడు. బట్టల పద్దు పక్కనే చర్చికీ విదేశీ మిషన్లకూ ఇచ్చిన చిల్లర పద్దు ఉంటుంది.

ఆ చిల్లర దగ్గరే నెల్లూరు కథ కలుస్తుంది. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1840లో నెల్లూరులో మిషన్ పెట్టాడు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. 1853లో ఆల్బనీలో జరిగిన సభలో దీన్ని మూసేద్దామన్న మాట వచ్చింది. పటంలో తెలుగు నేల మీద ఉన్నది ఒక్కటే చుక్క. ఆ చుక్కను చెరపొద్దన్న వాదన గెలిచింది, ‘లోన్ స్టార్’ అన్న పేరూ నిలిచింది. దానికి ఆధారం అమెరికా చర్చిల్లో పోగయ్యే చందాలే. రామాయపట్నంలో 1870ల్లో మొదలైన దైవశాస్త్ర పాఠశాల కూడా ఆ చందాలతో నడిచిందే. అక్కడ అక్షరాలు దిద్దినవారిలో అత్యధికులు మాదిగ కుటుంబాల వాళ్లు. ఊరి బడి గడప తొక్కనివ్వని రోజులవి. ఆ పాఠశాల గొప్పతనాన్ని నేను అక్కడినుంచే కొలుస్తాను.

1876–78 కరువులో బకింగ్‌హాం కాలువ పని పడింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లఫ్ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. క్లఫ్ పేరు పుస్తకాల్లో ఉంది. గంపలతో మట్టి మోసినవాళ్ల పేర్లు చాలావరకు లేవు. వాళ్ల చెమటే ఆ కాలువ.

అదే దశాబ్దంలో రాక్‌ఫెల్లర్ అమెరికా శుద్ధి కర్మాగారాల్లో అత్యధిక భాగాన్ని చేతిలో పెట్టుకున్నాడు. 1870లో స్టాండర్డ్ ఆయిల్ పెట్టాడు. రైలు కంపెనీలతో రహస్యంగా కిరాయి తగ్గింపులు మాట్లాడుకుని, పోటీదారుల మెడలు వంచి, వాళ్ల కర్మాగారాలు కొన్నాడు. అలా నలిగిన చమురు ప్రాంతంలో పెరిగిన ఐడా టార్బెల్ 1904లో ఆ చరిత్రనంతా పుస్తకంగా బయటపెట్టింది. మరుసటి ఏడు ఆయన ఒక మిషన్ బోర్డుకు లక్ష డాలర్లిస్తే, అది మైలపడిన సొమ్మని పాదుర్లే ఎదురుతిరిగారు. 1911లో అమెరికా సుప్రీంకోర్టు స్టాండర్డ్‌ను 34 కంపెనీలుగా విడగొట్టింది. దానం ఇచ్చాడు కదా అని ఆ దోపిడీని మాఫీ చేయలేం. ఆ దానంతో చదువుకున్నవాళ్ల చదువునూ తక్కువ చేయలేం.

రాక్‌ఫెల్లర్ భార్య లారా స్పెల్‌మన్ టీచరు. పారిపోయి వచ్చిన నల్లజాతి బానిసలకు ఆమె పుట్టింటివాళ్లు ఆశ్రయమిచ్చేవారు. అట్లాంటాలో నల్లజాతి ఆడపిల్లల విద్యాలయానికి 1884లో పెట్టిన స్పెల్‌మన్ పేరు ఆ ఇంటిదే. రాక్‌ఫెల్లర్ దంపతులు తమ నలుగురు పిల్లలకు కలిపి ఒకే సైకిలు కొనిచ్చి, పంచుకోవడం నేర్చుకోమన్నారు. కొడుకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా అక్కల పాత గౌన్లే తొడుక్కున్నాడు. లారా 1915లో పోయింది. ఆమె పేరున ఏర్పడిన నిధి నుంచి 1920ల్లో మద్రాసు విమెన్స్ క్రిస్టియన్ కాలేజీకి, రాయవేలూరు వైద్య పాఠశాలకు సాయం అందింది. జబ్బు ముదిరితే ‘రాయవేలూరు తీసుకుపోండి’ అనే మాట నెల్లూరు జిల్లాలో ఏ ఇంట విన్నా వినిపిస్తుంది. రాక్‌ఫెల్లర్ 1937లో, 97 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

ఆ రెండు డబ్బాల వంశాలూ ఇక్కడే స్థిరపడ్డాయి. స్టాండర్డ్ సంతతి ఎస్సో 1974లో జాతీయకరణతో హిందుస్థాన్ పెట్రోలియం అయింది. కాల్టెక్స్ 1957లో కట్టిన విశాఖ రిఫైనరీ 1978లో అందులోనే కలిసింది. షెల్ భాగస్వామిగా ఉన్న బర్మా షెల్ 1976లో ప్రభుత్వపరమై, ఆ తర్వాత భారత్ పెట్రోలియంగా మారింది. అంటే రామాయపట్నానికి ఇప్పుడు వస్తున్నది ఎర్ర డబ్బా వారసులు. రిఫైనరీకి వేల ఎకరాలు కావాలంటున్నారు. కాలువ తవ్విన కూలీల్లో చాలామంది పేర్లు ఎవరూ రాసిపెట్టలేదు. ఈసారి భూమి ఇచ్చే రైతు పేరుతో పాటు ఆ భూమిలో కూలికి వెళ్లే మనిషి పేరూ, రేవులో వలేసే పట్టపువాళ్ల పేర్లూ పరిహారం జాబితాలోకి ఎక్కాలి. ఆ జాబితాలు తయారవ్వాల్సింది ఇప్పుడే, పనులు మొదలుకాక ముందే.