చివరి కీమో తర్వాత స్కాన్‌కు ఎందుకు ఆగాలి?

చివరి కీమో అయిపోగానే లింఫోమా రోగికీ ఇంట్లోవాళ్లకీ ఉండేది ఒకటే ప్రశ్న: జబ్బు పోయిందా, లేదా? దానికి జవాబు చెప్పే పరీక్ష పెట్ సిటి స్కాన్. అయితే డాక్టరు దాన్ని వెంటనే రాయరు. సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది వారాలు, రేడియేషన్ కూడా ఇచ్చి ఉంటే దాదాపు మూడు నెలలు ఆగమంటారు. చికిత్స కన్నా ఈ ఎదురుచూపే కష్టంగా ఉందనే రోగులు ఎందరో. ఈ ఆలస్యం నిర్లక్ష్యం కాదు, పరీక్షలో భాగమే.

స్కాన్ పట్టుకునేది ఆకలిని

లింఫోమా అంటే లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకు వచ్చే క్యాన్సర్. క్యాన్సర్ కణాలు మామూలు కణాల కంటే ఎక్కువ గ్లూకోజు లాగేసుకుంటాయని జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్ 1920లలోనే గమనించారు. పెట్ స్కాన్ ఆ ఆకలినే చూపిస్తుంది. గ్లూకోజును పోలిన ఎఫ్‌డీజీ అనే పదార్థాన్ని నరానికి ఎక్కిస్తారు. అందులో రేడియోధార్మిక ఫ్లోరిన్-18 ఉంటుంది. కణాలు దాన్ని గ్లూకోజులాగే లోపలికి తీసుకుంటాయి కానీ పూర్తిగా ఖర్చు చేసుకోలేవు, అది అక్కడే చిక్కుకుపోతుంది. సుమారు గంట తర్వాత తీసిన బొమ్మలో, ఎక్కువగా చేరినచోట వెలుగు కనిపిస్తుంది.

చిక్కల్లా గ్లూకోజు కోసం ఎగబడేది క్యాన్సర్ కణం ఒక్కటే కాకపోవడం. చచ్చిన కణాలను శుభ్రం చేసే రోగనిరోధక కణాలకూ అది కావాలి. మంట ఆర్పేసినా పొయ్యి కాసేపు వేడిగానే ఉన్నట్టు, క్యాన్సర్ చచ్చినచోట వాపు కొన్ని వారాలు మిగులుతుంది. తెల్లకణాలు పెరగడానికి ఇచ్చే ఇంజక్షన్లతో ఎముక మజ్జ వెలుగుతుంది. చిన్న వయసువారిలో కీమో తర్వాత ఛాతీలోని థైమస్ గ్రంథి తిరిగి ఉబ్బి భయపెడుతుంది. తొందరపడి స్కాన్ తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించే ప్రమాదం ఉంది.

రిపోర్టులోని అంకె

ఫ్రాన్స్‌లోని డోవిల్ పట్టణంలో 2009లో సమావేశమైన నిపుణులు 1 నుంచి 5 దాకా ఒక కొలమానం రూపొందించారు. అసలు వెలుగు లేకపోతే 1. ఛాతీ మధ్యలోని పెద్ద రక్తనాళాల వెలుగును మించకపోతే 2. దాన్ని మించినా కాలేయం వెలుగును దాటకపోతే 3. కాలేయం కంటే ఓ మోస్తరు ఎక్కువైతే 4. మరీ ఎక్కువైనా, లింఫోమా అనిపించే కొత్త మచ్చలు కనిపించినా 5. చికిత్స ముగిశాక 1, 2 వస్తే పూర్తిగా స్పందించినట్టు. మామూలు చికిత్స తీసుకున్నవారిలో 3 కూడా చాలావరకు మంచి ఫలితమే.

గడ్డ ఇంకా కొంత మిగిలి ఉందని రిపోర్టులో రాసినా హడలిపోనక్కర్లేదు. అందులో వెలుగు లేకపోతే అది చాలాసార్లు మానిన గాయం తాలూకు మచ్చ కణజాలమే. అలాగే 4, 5 వచ్చినంత మాత్రాన జబ్బు తిరగబెట్టిందని తేల్చెయ్యకూడదు. క్షయ కూడా ఇలాగే వెలుగుతుంది. ప్రపంచంలో క్షయ రోగులు అందరికన్నా ఎక్కువగా ఉన్న మన దేశంలో ఇది మరవకూడని సంగతి. అందుకే అనుమానం ఉన్నప్పుడు కొత్త చికిత్స మొదలుపెట్టే ముందు వీలైనంతవరకు ముక్క తీసి పరీక్షిస్తారు.

స్కాన్ రోజున

నాలుగు నుంచి ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగవచ్చు. ముందురోజు బరువు పనులు, వ్యాయామం వద్దు. మధుమేహం ఉన్నవారు ఇన్సులిన్, మెట్‌ఫార్మిన్ సంగతి ముందుగానే అడగాలి. ఫ్లోరిన్-18 సుమారు 110 నిమిషాలకు సగానికి తగ్గిపోతుంది. అయినా ఆ పూట పసిపిల్లలకూ గర్భిణులకూ కొంచెం ఎడంగా ఉండడం మంచిది.

స్కాన్ కంటికి ఆనని కొద్దిపాటి కణాలు మిగిలే అవకాశం ఉంటుంది కాబట్టి, ఫలితం బాగున్నా డాక్టరు చెప్పిన తేదీలకు వెళ్లాలి. కొత్త గడ్డ, వదలని జ్వరం, రాత్రిపూట బట్టలు తడిసే చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం కనిపిస్తే ఆ తేదీ దాకా ఆగకూడదు. లక్షణాలేవీ లేనప్పుడు భయంతో మాటిమాటికీ స్కాన్లు చేయించుకోవడం వల్ల మాత్రం మేలు లేదు.

రిపోర్టు చేతికి రాగానే ఒంటరిగా కూర్చుని అర్థాలు వెతుక్కోకండి. పాత స్కాన్లన్నీ తీసుకుని, ఇంట్లో ఒకరిని తోడు పెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లండి. స్కోరు ఎంత, అనుమానం ఎక్కడ, తర్వాత చెయ్యాల్సింది ఏమిటి అని నోరు తెరిచి అడగండి. అది తెలుసుకోవడం మీ హక్కు.