ఒక్క సకారం తెచ్చిన చిక్కు

మన భాషలో క్రియకు కర్త మీద ఎంత మన్ననయో చూడండి. పోతాను, పోతావు, పోతాడు, పోతుంది, పోతాము, పోతారు, పోతాయి — ఇవి ఏడు రూపాలు. అనంతపురం మెట్టపల్లెలో బడి ముఖం చూడని పశులకాపరి కూడ వీనిలో ఒక్కటి తప్పడు. అతని నోట ‘పోతుంది’ అన్నది ‘పోతాది’ కావచ్చును గాని ‘పోతాడు’ మాత్రం కాదు. ఇంగ్లీషులో ఈ క్రియకు సామాన్య వర్తమానంలో ఉన్నవి రెండే రూపాలు: గో, గోస్. ఏడింటిని తడబడక పలికే బాలుడు ఆ రెండింటి దగ్గర తప్పి మార్కులు పోగొట్టుకొంటాడు. ఇది బుద్ధిమాంద్యం కాదు, కారణాలు వేరు.

మొదటిది, మనకు క్రియాంతమే కర్తను చెబుతుంది. ‘పోతాడు’ అన్న తరువాత ‘వాడు’ అని వేరుగా అననక్కరలేదు. ఇంగ్లీషులో ‘హి’ అని ముందే చెప్పి, మరల చివర ‘స్’ ఎందుకో బాలునికి తోచదు. రెండవది, నామానికి బహుత్వం తెచ్చే ఆ సకారమే క్రియకు ఏకత్వం తెస్తుంది: ‘బాయ్ రన్స్’, ‘బాయ్స్ రన్’. మూడవది పదక్రమం. ‘ఊరి పొలాలు ఎండుతున్నాయి’ అన్నప్పుడు పొలాలు క్రియ ప్రక్కనే ఉన్నవి. ‘ది ఫీల్డ్స్ ఆఫ్ ది విలేజ్ ఆర్ డ్రయింగ్’ అన్నప్పుడు నడుమ ఊరు వచ్చి కూర్చున్నది. బాలుడు దగ్గరనున్న ఊరిని చూచి ‘ఈజ్’ అని వ్రాస్తాడు.

అన్నింటికంటె లోతైనది కాలభేదం. ‘ఇట్ రెయిన్స్’ అంటే కురవడం వాడుక. ‘ఇట్ ఈజ్ రెయినింగ్’ అంటే ఇప్పుడు కురుస్తున్నది. మన ‘వాన కురుస్తుంది’ అనే మాటలో వాడుకా ఉన్నది, రేపటి ఆశా ఉన్నది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానతో సరిపెట్టుకొనే ఈ సీమలో, వేరుసెనగ విత్తి ఆకాశం వైపు చూచే రైతు ఆ మాట అంటే అది ఆశయే. చిన్నయసూరి బాలవ్యాకరణంలోని తద్ధర్మక్రియను ‘సూర్యుడు తూర్పున ఉదయించును’ వంటి వాక్యంతో గుర్తుచేస్తే, ‘ఇట్ రెయిన్స్’ లోని వర్తమానం సులభంగా బోధపడుతుంది.

1882లో వేరుపడేవరకు అనంతపురం బళ్లారి జిల్లాలోనిదే. ఆ జిల్లా కలెక్టరు ఎ.డి. క్యాంబెల్ 1816లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో ప్రకటించినవాడు. 1823లో ఆయన పంపిన నివేదికలో 533 బడులు లెక్కకు వచ్చినవి. కన్నడానివి 235, తెలుగువి 226, ఇంగ్లీషుది ఒక్కటే. పిల్లలు అర్థమెరుగక చిలుకలవలె పద్యాలు వల్లిస్తున్నారని ఆయన అందులో విచారించాడు. రెండు వందల ఏండ్లు గడిచినవి. ఇంగ్లీషు బడులకు నేడు కొదువ లేదు. వల్లె మాత్రం పద్యాన్ని విడిచి ‘ఐ గో, యు గో, హి గోస్’ను పట్టుకొన్నది.

వానలు తప్పిన ఏట కూలికి బెంగుళూరు దారి పట్టే ఇంటి బిడ్డకు ఇంగ్లీషు అలంకారం కాదు, ఆధారం. సకారం జారినప్పుడు ఉపాధ్యాయుడు బెత్తం వైపు చూడక, ‘ఇది నీ మాటలో ఎట్లా అంటావు?’ అని అడిగితే చాలును. ఏడు రూపాలు ఎరిగిన నాలుకకు మరి రెండు బరువు కావు.