ఉపగ్రహములును మా గౌలిపుర బండ్లును

ఉదయము ఏడు గంటలకు మా గౌలిపుర సందులలో నిలిచి చూచినచో, పెక్కు గుమ్మముల చెంత తల్లులు చేతిఫోనులను చూచుచు నిలిచియుందురు. వారు చూచునవి వార్తలు గావు. తమ బిడ్డలను గొనిపోవు పాఠశాల బస్సు శాలిబండ దాటెనో లేదో తెలుపు చిన్న చుక్కను చూచుచుందురు. ఈ చుక్క యెట్లు కదలుచున్నదని విద్యార్థుల నడిగితిమి. "ఆకాశమందలి ఉపగ్రహము బస్సును కనిపెట్టి చూచుచున్నది" అని పలువురు బదులు చెప్పిరి. ఇది సరికాదు. ఈ పొరపాటును దీర్చుటకే యీ వ్యాసమును వ్రాయబూనితిమి.

ఉపగ్రహము బస్సును చూడదు. అట్టి బస్సొకటి గలదనియే దానికి దెలియదు. తానెచ్చట నున్నదియు, తన గడియారమున వేళ యెంతయైనదియు రేడియో తరంగముల మూలమున ఎడతెగక చాటుటయే దాని పని. గుడిలో గంట కొట్టువానికి, ఆ గంటను ఎవరెవరు వినుచున్నారో తెలియునా? వినుపని బస్సులోని చిన్న పెట్టెది. అమెరికావారి జి.పి.యస్. ఉపగ్రహములు సుమారు 20,200 కిలోమీటర్ల యెత్తున దిరుగుచున్నవి. తరంగము సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల వేగమున వచ్చును గనుక, నడినెత్తి నున్న ఉపగ్రహము చాటినమాట సెకనులో పదునైదవ వంతుకాలమునకు పెట్టెను జేరును. ఆ యాలస్యమును బట్టి పెట్టె దూరమును గణించుకొనును.

మూడు ఉపగ్రహముల దూరములు తెలిసినచో స్థానము తేలవలెను గదా, నాల్గవది యేల యని చదువరులు శంకింపవచ్చును. ఉపగ్రహములందున్నవి పరమాణు గడియారములు. పెట్టెలోనిదో చౌక గడియారము. అది సెకనులో పదిలక్షలవ వంతు తప్పినను లెక్కలో 300 మీటర్లు తప్పును. బస్సు మఱియొక పేటలో నున్నట్లు కనబడును. ఆ తప్పును పట్టుకొనుటకే నాల్గవ ఉపగ్రహము. మన దేశమువారును ఊరకుండలేదు. నావిక్ అను స్వదేశపు ఏర్పాటునకై తొలి ఉపగ్రహమును 2013 జూలై 1వ తేదీన శ్రీహరికోట నుండి ఇస్రోవారు ప్రయోగించిరి.

ఇంతవరకు పెట్టెకు మాత్రమే తెలిసినది. తల్లికి దెలియుట యెట్లు? పెట్టెలో ఫోనునందువలెనే సిమ్ముకార్డు గలదు. స్థానము దానిద్వారా సెల్‌టవరునకును, అచటినుండి కంపెనీ కంప్యూటరునకును, తుదకు తల్లి ఫోనునకును జేరును. టవరు అందనిచో బస్సు పోవుచున్నను చుక్క నిలిచియేయుండును. బస్సు చెడెనని అప్పుడు తల్లులు కలవరపడుదురు. కొంచెము తాళినచో చుక్క ఒక్క గంతున ముందునకు దుముకును.

గౌలి యనగా పాలవాడు. పాలబండ్లు మొదలు బేగంబజారు సరకుబండ్ల వరకు ఈ పెట్టె నేడు వ్యాపారులకు మునీము వంటిది. బండి యెంత దూరము పోయెను, ఎచ్చట నిలిచెను, ఇంజను ఊరకే ఎంతసేపు తిరిగెను అన్నియు వ్రాసిపెట్టును. హద్దు గీచిపెట్టినచో దానిని దాటినంతనే యజమానికి కబురు పోవును. ఆర్టీసీ బస్సుల రాకను దెలుపుటకు 2023లో "గమ్యం" అను యాప్ వెలువడినది. ప్రయాణికులను గొనిపోవు బండ్లలో స్థానమును దెలుపు పెట్టెయు, ఆపదలో నొక్కు బొత్తామును ఉండవలెనని కేంద్రప్రభుత్వము 2016లో నియమము చేసెను; క్రొత్త బండ్లకు అది 2019 జనవరి 1 నుండి అమలునకు వచ్చినది. మూడు చక్రముల బండ్లకు మినహాయింపు గలదు.

అయినను మా వీథిలో సరకుల ఆటో నడపు యువకుని యజమాని తనంతట తానే పెట్టె పెట్టించెను. ఒకనాడు బండి ప్రక్కసందులో పావుగంట నిలిచినట్లు పటములో కనబడినది. సరకు ఎవరికో దించితివని నిందించి, యజమాని ఆనాటి కూలి కోసివేసెను. అతడు కన్నీళ్లతో మాయొద్దకు వచ్చెను. మేము ఫోను చేతబట్టి ఆ సందులో తిన్నగా నడచితిమి. ఇరుప్రక్కల నాలుగంతస్తుల మేడలు. ఆకాశము కనబడునది బెత్తెడు. తరంగములు గోడలకు దాకి చుట్టుదారిని వచ్చుటచే ఆలస్యము పెరుగును, పెట్టె దానిని దూరమని భ్రమించును. మేము తిన్నగా నడచుచున్నను మా చుక్క వెనుకవీథిలో రెండుమారులు తిరిగి వచ్చినది! యజమానిని పిలిచి కన్నులార చూపితిమి. అతడు తలయూచెను, నింద మానెను. కూలి మాత్రము ఇంకను ఈయలేదు.

యువకుడు మరునాడు మఱియొక ప్రశ్నతో వచ్చెను. "రాత్రి బండి మాయింటి ముందే యుండును. అప్పుడును నన్నాయన చూచుచుండునా, అయ్యా?" అని యడిగెను. బండిని చూచునని చెప్పితిమి.