జీవుడు, దేవుడు ఒకటా? వేరా?

వనపర్తి జిల్లా శ్రీరంగాపూర్‌లో రంగసముద్రం చెరువును ఆనుకుని రంగనాయకస్వామి గుడి ఉంది. తమిళనాడులోని శ్రీరంగం స్ఫూర్తితో వనపర్తి సంస్థానాధీశులు దాన్ని కట్టించారు. ఆ శ్రీరంగంలోనే రామానుజులు విశిష్టాద్వైతం బోధించారు.

ఏమిటా సిద్ధాంతం? జీవుడూ బ్రహ్మమూ ఒక్కటేనన్నారు శంకరులు. ఎప్పటికీ వేరేనన్నారు మధ్వాచార్యులు. అందరూ చదివింది అవే ఉపనిషత్తులు! నాకు రామానుజుల జవాబు చాలా ఇష్టం. నీ చెయ్యి నువ్వు కదిలిస్తేనే కదులుతుంది. అది నీదే, కానీ చెయ్యే నువ్వు కాదు. అలాగే జీవులూ ప్రపంచమూ దేవుడికి శరీరం. అవి ఆయన్ని విడిచి ఉండలేవు, ఆయనలో కరిగి మాయమూ కావు. కాబట్టి ఈ ప్రపంచం నిజం, భక్తుడూ నిజం.

సాంఖ్య దర్శనాన్ని అనుసరించిన వాళ్ల దారి వేరు. వాళ్లు ప్రకృతి (జడపదార్థం), పురుషుడు (చైతన్యం) అనే రెండింటితోనే సృష్టిని వివరించారు. అందులో దేవుడి అవసరం రాలేదు.